ఆస్పత్రి లైను సంబంధం

ఇంక ఆపు! ఎన్నిసార్లు చేస్తావ్ కాల్? నువ్వు మోగించిన ప్రతిసారీ చార్జింగు కారిపోతోంది ఇక్కడ. దీన్ని చార్జి చెయ్యడానికి నేను పిండిమిల్లు దాకా మంచులో నడిచి, ట్రాక్టరు తాత బ్యాటరీ పక్కన పళ్ళు టకటకలాడిస్తూ నిలబడ్డా. ఆయనొకడు, "ఎవరికే ఫోను, మంత్రిగారికా?" అని వెటకారం.

కాల్ ఎత్తను. టైపు చెయ్యి. మాట్లాడితే కింద అమ్మకి వినబడుద్ది.

నేను ఇంటి కప్పు మీదున్నా. చేతిలో పార. మంచు తోసేస్తున్నానని కిందవాళ్ళ నమ్మకం. మధ్యమధ్యలో కాలితో నాలుగు పెళ్ళలు కిందికి తన్నుతున్నాలే, చప్పుడు కోసం. సిగ్నలు దొరికేది ఈ మూలొక్కటే. కాబట్టి తొందరగా కానివ్వు, వేళ్ళు కొయ్యబారిపోతున్నాయి.

ఏంటి? కాదు, జులైఖో కాదు. సవ్రిని. ఆ, చెల్లెల్నే. "ముక్కు కారుతూ వెనకాలే తిరుగుద్ది, ఆ చిన్నది" అన్నావట చూడు ఒకసారి అక్కతో? ఆ చిన్నదాన్నే. మర్చిపోయాననుకున్నావా?

అక్కకివ్వమంటావా? ఇవ్వను. ఏదైనా నన్నడుగు.

ఓహో. విన్నావన్నమాట. ఎవరు చెప్పారు, మీ పిన్ని కొడుకా? వాడి నోట్లో ఆవగింజ నానదు.

నిజమే. సంబంధం ఖాయమని రొట్టె విరిచేశారు. మా అక్కకీ, పక్కింటి హిక్మత్‌కీ. తెల్ల గుడ్డ పరిచి, మసీదు పెద్దని పిలిచి, రెండు రొట్టెలు కలిపి పట్టుకుని ఫట్‌మని. అంతా తిన్నారు కూడా. అయిపోయింది.

బావా అని పిలుద్దామనుకున్నా నిన్ను. ఇంక కుదర్దు. సియోవుష్ అన్నా అని పిలుస్తాలే. బాగుందా?

హహ. సరే సరే, నవ్వను.

హిక్మత్ ఎవరంటావేంటి, చూళ్ళేదూ? ఆస్పత్రిలో బాయిలరు దగ్గర ఉంటాడే. చెవుల టోపీ పెట్టుకుంటే టోపీ చెవులు రెండు, వాడి చెవులు రెండు, మొత్తం నాలుగు కనబడతాయి. ముందు పన్ను బంగారం. ముప్పై దాటేశాయి. ఇదివరకో పెళ్ళయింది, ఆవిడ ఒక్క చలికాలం కాపురం చేసి పుట్టింటికి పోయింది. మాట్లాడడట. వాడింట్లో గోడలే ఎక్కువ మాట్లాడతాయని ఆవిడే ఊరంతా చెప్పింది.

నువ్వేమో దుషాంబే పట్నంలో చదువు, సన్నటి మీసం, తోలు జాకెట్టు. నిన్ను కాదని వాడికి ఎందుకిచ్చారని కదా నీ బాధ?

లైను కోసం.

కరెంటు లైను, ఇంకేం లైను! నువ్వు హాస్టల్లో గోడకి కాళ్ళు తన్నిపెట్టి సినిమాలు చూసుకుంటున్నావ్, నీకెలా తెలుస్తుంది. ప్రతి చలికాలం పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు ఇచ్చేవాళ్ళు గుర్తుందా? పెద్ద మంచు పడి స్తంభాలు పడుకున్నాక ఆ కాసేపూ పోయింది. ఊరంతా కుండలో పెట్టి మూతేసినట్టుంది. పంపు ఆడదు. నీళ్ళు కాలవలో గడ్డ పగలగొట్టి తెచ్చుకోవాలి. ఎవరు తెస్తారనుకున్నావ్? మా నాన్న, అన్నయ్య రష్యాలో పరాయివాళ్ళ మేడలకి ఇటుకలు మోస్తున్నారు. ఇంట్లో అందరం ఆడవాళ్ళమే. మా బీబీ, అమ్మ, వదిన, అక్క, నేను. ఆ, ఇంకో బుడ్డోడు. వదిన కనింది కదా, నడిచలికాలంలో. కనడానికి ఇంకే కాలం దొరకనట్టు.

అందరం ఒకే గదిలో. ఒకే సందలి చుట్టూ. గుంటలో నిప్పులు, పైన బల్ల, బల్ల మీద పెద్ద దుప్పటి, దుప్పటి కింద పది కాళ్ళు. నువ్వెప్పుడైనా గమనించావో లేదో, సందలి కింద కాళ్ళకీ పదవులుంటాయి. బీబీ కాళ్ళు నిప్పుల మీదే. నానమ్మ కదా, మహారాణి. తర్వాత అమ్మవి. తర్వాత బాలింత కాబట్టి వదినవి. అక్కవి తలుపు వైపు, గాలి కొట్టే చోట. నావి ఎక్కడ సందు దొరికితే అక్కడ. కొంచెం ముందుకి జరిపానో, బీబీ మడమతో ఒక్కటిచ్చుద్ది. ఎనభై ఏళ్ళ ముసలి, గాడిదలా తన్నుద్ది.

పత్తికట్టె అయిపోయింది. పేడపిడకలు అయిపోయాయి. తర్వాత కోళ్ళగూడు తగలబెట్టాం. తర్వాత అమ్మ నా బల్ల వైపు చూసింది, నేను హోంవర్కు చేసుకునే బల్ల. "ఎలాగూ చదవవుగా" అంది. నిజమేలే, బానే మండింది.

అన్నిటికంటే పెద్ద గోల ఆ బుడ్డోడిది. నలభై రోజులూ బిడ్డ పక్కన వెలుగు ఆరకూడదు కదా. చిల్లా నిండేదాకా. ఆరిందంటే దయ్యమొచ్చి బిడ్డని మార్చేసి పోద్దట. బీబీ రోజూ చెప్పేది, వదిన మొహంలోకి చూస్తూ మరీ. "నా రెండోవాణ్ణి అలాగే మార్చేసింది. వాడు మూడు రోజులు పిల్లిలా ఏడ్చి పోయాడు." బాలింతతో చెప్పే మాటలా అవి? వదిన నిద్రపోవడం మానేసింది. దీపం వంకే చూస్తూ కూర్చునేది, రెప్ప వేస్తే ఆరిపోద్దన్నట్టు.

కొవ్వొత్తులు అయిపోయాయి. కిరసనాయిలు దీపం పెట్టాం. దాని పొగకి బుడ్డోడు తుమ్మితే నల్లగా వచ్చేది. బొగ్గుబావిలో పుట్టినవాడిలా. వాడికి దగ్గు పట్టుకుంది. ఆర్పితే దయ్యం, వెలిగిస్తే దగ్గు. ఏం చేస్తారు?

గోడవతల మాత్రం పండగే. హిక్మత్ వాళ్ళమ్మ సాబో అత్త ఇల్లు ఆస్పత్రి గోడకి ఆనుకునే కదా ఉంది. ఆస్పత్రి లైను ఆపరు. వాళ్ళదీ ఆగదు. కిటికీలోంచి పసుప్పచ్చటి వెలుగు మా పెరట్లో మంచు మీద పడేది. మా కోడిపుంజు వెళ్ళి ఆ వెలుగులో నిలబడేది, ఎండనుకుని.

అమ్మ గిన్నెడు ఎండు ఖుబానీ పళ్ళు కొంగు కింద పెట్టుకుని వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళా. కాళ్ళు కాగుతాయని వెళ్ళా, ఇంకెందుకు.

"ఒక్క బల్బు చాలు సాబో, మనవడి చిల్లా నిండేదాకా" అంది అమ్మ. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. అప్పడం కూడా విరగనంత మెత్తగా.

సాబో అత్త ఖుబానీ ఒకటి నోట్లో వేసుకుని, నమిలి, గింజ చేతిలోకి ఉమ్మి, అప్పుడంది. "బల్బేంటమ్మా, హీటరే పెట్టుకో. కాకపోతే పరాయింటికి వైరు లాగితే దొంగతనం అంటారు. వియ్యపురాలింటికి లాగితే చుట్టరికం అంటారు. పెద్ద డాక్టరు కూడా చూసీ చూడనట్టు ఊరుకుంటాడు."

చూశావా? అదీ లెక్క.

అమ్మ అక్కడికక్కడే ఔననలేదులే, పరువుండాలిగా. ఇంటికొచ్చేదాకా ఆగింది. పది అంగలుంటుంది.

అక్క అప్పుడు పెరట్లో బుడ్డోడి గుడ్డలు ఉతుకుతోంది. పైన పేరుకున్న గడ్డ పిడికిలితో పగలగొట్టి, చేతులు ముంచి. ఎర్రగా ఉడకబెట్టిన బీట్‌రూటు దుంపల్లా ఉన్నాయి చేతులు. అమ్మ ఎదురుగా నిలబడి చెప్పింది, ఇలా ఇలా అడుగుతున్నారని. మా ఇంట్లో అడగడం అంటే చెప్పడమే, నీకు తెలుసుగా.

నీ పేరా? ఎత్తింది, ఎత్తకేం. "ఆ చదువుకునే కుర్రాడు వాళ్ళమ్మని పంపుతానన్నాడుగా, ఎప్పుడట?" అని అడిగింది అమ్మ. "వసంతంలోనట" అంది అక్క. బీబీ లోపల్నుంచి పకపకా నవ్వింది. "వసంతంలో కరెంటు కూడా వచ్చుద్ది, ఊరికే! వసంతంలో కుక్క కూడా పెళ్ళికొడుకే!"

నన్ననకు. అన్నది బీబీ. నేను నవ్వానంతే.

రొట్టె విరిచిన రోజు చూడాల్సింది నువ్వు. ఇద్దరు తల్లులకీ ఒకళ్ళంటే ఒకళ్ళకి నమ్మకం లేదు. అమ్మేమో ముందు వైరు అంటుంది. సాబో అత్తేమో ముందు రొట్టె అంటుంది.

"వైరు లాగాక మీరు మాట మారిస్తే?"

"రొట్టె తిన్నాక మీవాడు గోడెక్కకపోతే?"

మసీదు పెద్ద పాపం ఆకలి మీదున్నాడు. పులావు వాసన కొడుతోంది మరి. "రెండూ ఒక్కసారే కానివ్వండమ్మా తల్లీ" అన్నాడు. అట్లాగే చేశారు. హిక్మత్ గోడ మీద, నోట్లో వైరు ముక్క, చేతిలో పటకారు. పెళ్ళికొడుకు అసలు ఆ గదిలోకే రాకూడదు కాబట్టి గోడ మీద ఉన్నా తప్పులేదట. పెద్దాయన లోపల రెండు రొట్టెలు కలిపి పట్టుకుని. గుమ్మంలో నేను. అరవడం నా పని.

"తాతా, కలుపుతున్నాడు! తాతా, ఇంకా లేదు! తాతా... వచ్చింది!"

బల్బు భగ్గుమంది. ఆయన ఉలిక్కిపడి రొట్టె విరిచేశాడు. ప్రార్థన సగంలో ఉందింకా. మిగతా సగం నములుతూ చదివాడు.

నేనూ తిన్నా ముక్క. వేడిగా, పైన నల్ల జీలకర్రతో. బాగుంది. ఏం, తినకూడదా? నీకోసం రోజా ఉపవాసం ఉండాలా?

కానీ ఆ వెలుగుందే... చాలా రోజుల తర్వాత ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. ఛీ. దీపం పొగకి అందరి ముక్కుల కిందా మీసాలు. అమ్మ బుగ్గలు లోపలికి పోయాయి. వదిన మెడ కోడిమెడలా. బీబీ తన చేతులు తనే చూసుకుని, "ఆర్పండే కాసేపు" అంది, ఆవిడే! నలభై రోజులు ఆరకూడదన్న మనిషి! ఎవరూ ఆర్పలేదు. చూడక చస్తావా అని నేనన్నాను.

అక్కా? అక్క తలొంచుకుని టీ పోసింది.

సరే ఇక్కణ్ణించి విను, అసలు కథ ఇది.

మా కిటికీలో వెలుగు చూసి ఊరు ఊరుకుంటుందా? మర్నాటికల్లా ఎడంపక్కింటావిడ వచ్చింది. "ఒక్క బల్బుకి వైరివ్వమ్మా, పత్తికట్టె మోపు ఇస్తా." తర్వాత వెనకింటివాళ్ళు, ఎండుమాంసం పట్టుకుని. తర్వాత వాళ్ళ బావమరిది. అమ్మకి వ్యాపారం తలకెక్కింది. మా ఇంటి చూరు చూస్తే వైర్లన్నీ సాలెగూడు.

బీబీ మాత్రం ఒప్పుకోలేదు. "చిల్లా ఇంట్లోంచి నిప్పు బయటికి పోకూడదే! ఉప్పు పోకూడదు, జల్లెడ పోకూడదు, నిప్పు అసలే పోకూడదు!"

"ఇది నిప్పు కాదత్తా, కరెంటు."

"కాలుద్దా?"

"ముట్టుకుంటే కాలుద్ది."

"మరైతే నిప్పే!"

అమ్మ వినలేదు. మేక కాలు ఒకటి దొరికింది ఆ రోజు, ఎలా వింటుంది? మా ఇల్లు వెచ్చగా ఉంది, పొయ్యి మీద పులుసు ఉడుకుతోంది. పాత మాటలు వెచ్చటి ఇంట్లో ఎవడిక్కావాలి?

మొన్న సాయంత్రం అందరూ ఒకేసారి హీటర్లు పెట్టినట్టున్నారు. ఆస్పత్రి దగ్గర ట్రాన్స్‌ఫార్మరు ఢామ్మంది. మంచంతా ఒక్క క్షణం ఆకుపచ్చగా మెరిసింది. అందంగా ఉంది, నిజం చెప్తున్నా. తర్వాత ఏమీ లేదు. ఊరు లేదు, ఆస్పత్రి లేదు, సాబో అత్త కిటికీ లేదు. కుక్కలు మాత్రం ఉన్నాయి.

ఆస్పత్రిలో ఒకావిడ కాన్పు మధ్యలో ఉందట. ఫోన్ల వెలుతుర్లో లాగారు బిడ్డని. బానే ఉన్నార్లే ఇద్దరూ. తిట్టింది మాత్రం ఏడు తరాలనీ కలిపి తిట్టిందట, ఆ వైరు లాగినవాణ్ణి.

పెద్ద డాక్టరు అందర్నీ నిలబెట్టి అడిగాడు, ఎవడు లాగాడు అని. హిక్మత్ ముందుకొచ్చి "నేనే" అన్నాడట. ఎవరింటికిరా అంటే నోరు విప్పలేదు. మూగ గొడ్డు. బాయిలరు గది తాళాలు లాక్కుని గెంటేశారు.

ఇంక మా ఇల్లు చూడు ఆ సాయంత్రం! బుడ్డోడి పక్కన బల్బు ఆరిపోయింది. కిరసనాయిలు ఎప్పుడో అమ్మేసింది అమ్మ, ఇంక అక్కర్లేదని. అగ్గిపుల్లలు కనబడవు. బీబీ "వచ్చింది, వచ్చింది, వాసనేస్తోంది" అని కేకలు. వదిన బిడ్డని గుండెకి అదిమి, ఊపిరాడకుండా అదిమి పట్టుకుంది. నాకు కూడా... ఏం లేదులే. అందరం చెవులు రిక్కించి కూర్చున్నాం దయ్యం కోసం.

బుడ్డోడు ఒక పిత్తు పిత్తి, హాయిగా నిద్రపోయాడు.

అంతే! దయ్యం లేదు, గియ్యం లేదు. పొగ లేదు కాబట్టి దగ్గు కూడా లేదు. ఆ చీకట్లో పడుకున్నంత హాయిగా వాడు పుట్టాక ఎప్పుడూ పడుకోలేదు. దేనికోసమైతే అక్కనిచ్చారో ఆ వెలుగు వాడికి అక్కర్లేదు, చూశావా? నేను నవ్వాపుకోలేకపోయా. అమ్మ చీకట్లోనే గురి చూసి ఒకటిచ్చింది. చెవి ఇప్పటికీ గుయ్‌మంటోంది.

తెల్లారగానే అమ్మ లెక్క మారింది. సాబో అత్త పెట్టిన తలగుడ్డ, చెప్పులు, పట్టుబట్ట, అన్నీ మూటగట్టింది. "కరెంటు లేదు, ఇప్పుడు ఉద్యోగం కూడా లేదు. అలాంటింటికి పిల్లనెలా ఇస్తాం?"

"విరిచి తిన్న రొట్టెని ఎక్కణ్ణించి తిరిగిస్తావే, పొట్టలోంచా?" అంది బీబీ.

"రెండు రొట్టెలు కాల్చి పంపిస్తే సరి. వాళ్ళ వాటికంటే పెద్దవే కాలుస్తా."

బీబీ చెవులు రెండూ మూసుకుంది. ఆవిడ జన్మలో ఇలాంటిది వినలేదు. రొట్టె తిరిగివ్వడం! ఊళ్ళో ఎవరైనా వింటే మా గుమ్మం తొక్కుతారా?

ఏంటా సంబరం? ఆగు ఆగు. ఒకేసారి అన్ని మెసేజులు కొట్టకు.

టాక్సీయా? ఇప్పుడా? పిచ్చా నీకు, రోడ్డు మీద మోకాలు లోతు మంచు. ఇన్నాళ్ళూ దొరకని టాక్సీ ఇవాళ దొరికిందా? మీ అమ్మని కూడా తీసుకొస్తావా? వసంతం రాకుండానే? అబ్బో, ఏం మగాడివి!

రావద్దు. విను ముందు. రావద్దంటున్నా. కూర్చో.

అమ్మ ఆ మూట అక్క చేతికే ఇచ్చింది. "సాబో గుమ్మంలో పెట్టి వచ్చెయ్. మాట్లాడక్కర్లేదు." అక్క మూట తీసుకుంది. ముడి విప్పింది. తలగుడ్డ తీసి తలకి కట్టుకుంది. చెప్పులు తీసి కాళ్ళకి తొడుక్కుంది. కొత్త చెప్పులతో, సందలి దుప్పటి మీద, మా అందరి మధ్యలో నిలబడింది! బీబీ కాళ్ళ మీద కాలు పడింది కూడా, ఆవిడే కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"ఇప్పటికిప్పుడు తియ్" అంది అమ్మ. "నిన్ను దేనికిచ్చామో ఆ లైనే లేనప్పుడు..."

"నువ్వు లైనుకిచ్చావ్. నేను లైనుకి ఒప్పుకున్నానని ఎవరు చెప్పారు?"

"మరి దేన్ని చూసే? ఆ చెవుల్ని చూశా?"

అక్క సిగ్గుపడింది! నిజం! మా అక్క, నా జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టే అక్క, సిగ్గుపడి గోడ వైపు తిరిగింది.

ఏంటి ఆగిపోయావ్? టైపు చేస్తున్నావ్, చెరిపేస్తున్నావ్, టైపు చేస్తున్నావ్, చెరిపేస్తున్నావ్. కనబడుద్ది నాకు.

బలవంతం అన్నానా నేను? అనలేదే. నువ్వే అనుకున్నావ్. నీకు అలా అనుకుంటే బాగుంది కాబట్టి నేనూ ఊరుకున్నా.

చెప్తాను, ఏడవకుండా విను. అక్క జుట్టు తెలుసుగా నీకు, మోకాళ్ళ దాకా. నువ్వు నది అనీ చీకటి అనీ ఏవేవో రాశావుగా దాని మీద. ఆ నదిని గడ్డకట్టే నీళ్ళతో ఎవరు కడుగుతారు? వారాలు వారాలు కడగలేదు. పేలు పడ్డాయి. ఆ, పేలు! నీ నదిలో పేలు. అమ్మ కత్తిరించేస్తానని కత్తెర కూడా తీసింది. అక్క పెరట్లో గోడ పక్కన కూర్చుని ఏడ్చింది. గోడవతల ఎవడున్నాడో చూసుకోకుండా.

మర్నాడు పొద్దున గోడ మీద బకెట్టు. ఆవిర్లు కక్కుతూ వేడినీళ్ళు. బాయిలర్లోవి. ఎవరూ లేరు. పక్కన కాగితంలో సబ్బు ముక్క.

ఆ తర్వాతి వారం మళ్ళీ బకెట్టు. ఆ తర్వాత కూడా. ఇదంతా అమ్మ ఖుబానీలు పట్టుకుని వెళ్ళకముందే. వైరు లేదు, రొట్టె లేదు, ఏమీ లేదు. ఒక్క మాట లేదు. వాడికి మాటలు రావుగా.

ఖాళీ బకెట్టు తిరిగి పెట్టేటప్పుడు అక్క అందులో ఏదో ఒకటి పెట్టడం మొదలెట్టింది. ఓసారి అక్రోట్లు. ఓసారి ఊలు మేజోళ్ళు, అన్నయ్యవి, పాతవి, మడమ కుట్టి. సాబో అత్తకి తెలుసు, నాకు తెలుసు. అమ్మ ఒక్కతే లైను కోసం బేరం ఆడుతున్నాననుకుంది. సాబో అత్త అనుకోనిచ్చింది. తెలివైంది.

అందుకే రావద్దంటున్నా. టాక్సీ డబ్బులు దండగ. నువ్వొచ్చి ఎవర్ని విడిపిస్తావ్? నిన్న పొద్దున వాడు గోడవతల మంచులో కట్టెలు కొడుతుంటే అక్క గోడ మీదుగా టీ అందించింది. ఇప్పుడు బాయిలరు లేదు, బల్బు లేదు, వాడి దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. అయినా చక్కెర రెండు చెంచాలు ఎక్కువేసింది. చక్కెర! మా ఇంట్లో నాకే ఇవ్వరు!

ఏంటి? ఏం రాసింది?

"నీకోసం నౌరూజ్ పండగ దాకా ఎదురుచూస్తా, ఎవరికిచ్చినా నా మనసు నీ దగ్గరే" అనా? ఎప్పుడు, పోయిన వారమా?

ఓ. అదా.

"నీ గొంతు తలుచుకుంటే చలే వెయ్యదు" అని కూడానా? ఆ, గుర్తుంది. "నీ ఫొటో తలగడ కింద పెట్టుకున్నా" కూడా గుర్తుంది. దానికి నువ్వు పద్యం రాశావు, మూడు తప్పులున్నాయి అందులో.

నేనే రాశా.

అవన్నీ నేనే రాశా, సియోవుష్ అన్నా.

ఎందుకా? నీకు తెలీదు ఇక్కడ ఎలా ఉంటుందో. సాయంత్రం నాలుగింటికే చీకటి. టీవీ లేదు, సీరియలు లేదు, స్కూలు మూసేశారు. ముసలి తన్నులు, బుడ్డోడి ఏడుపు. ఏం చెయ్యమంటావ్? నువ్వే మా సీరియలు. పొద్దున కప్పెక్కి నీకో ముక్క రాయడం, సాయంత్రం నువ్వు రాసింది దుప్పటి కింద వదినకి చదివి వినిపించడం. "నీ కనురెప్పల నీడలో నేనొక బాటసారిని" అని రాశావ్ చూడు, వదిన నోట్లో గుడ్డ కుక్కుకుని నవ్వింది. భయంతో పాలు పడని మనిషికి నవ్వీ నవ్వీ పాలు పడ్డాయి. పుణ్యం నీకే వచ్చుద్దిలే.

తిట్టు. పర్లేదు, తిట్టు. బీబీ ఇంకా బాగా తిడుతుంది.

అక్కకి తెలీదు. అడగనూ లేదు. ఫోనెక్కడుందని కూడా అడగలేదు ఇన్నాళ్ళూ. అంటే చూస్కో మరి.

ఒక్కటీ అక్క రాయలేదా అంటావా?

రాసింది. ఒకటుంది. పైకి జరుపుకుంటూ వెళ్ళు, ఇంకా పైకి, పెద్ద మంచు పడిన రోజుకి. నీ పద్యాలన్నీ దాటాక ఉంటుంది. చిన్నది.

"ఇక్కడ చాలా చలిగా ఉంది. మీ అమ్మని ఇప్పుడే పంపు."

అదొక్కటే అక్కది.

దాని కింద నువ్వేం రాశావో చదువు. "దుప్పటి కప్పుకో" అని. పక్కన నవ్వు బొమ్మ.

అక్క అది చూసింది. తర్వాత ఫోను నా ఒళ్ళో పడేసింది. "ఇంద, ఆడుకో" అంది.

ఆడుకున్నా.